చరిత్ర పరిశోధనకు దరఖాస్తు పెట్టే ముందు

చరిత్రలో ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన విద్యార్థికి సలహాలు చెప్పేవారు కరవు కారు. బి.ఎడ్. చేయమని కొందరు, గ్రూపు పరీక్షలకు కూర్చోమని కొందరు చెబుతారు. ఆ రెండింటికీ శిక్షణ కేంద్రాలు వీథి వీథినా వెలసి ఉన్నాయి. పిహెచ్.డి. చేయాలనే కోరిక గల విద్యార్థికి మాత్రం సరియైన సమాచారం దొరకడం కష్టం. దరఖాస్తు ఎవరికి పెట్టాలి, అందులో ఏమి వ్రాయాలి, ఎంపిక చేసేవారు దేనిని చూస్తారు అన్న సంగతులను చాలామంది ఒకసారి తిరస్కరింపబడిన తర్వాతనే తెలుసుకొంటారు. అంతలో ఒక సంవత్సరం గడచిపోతుంది.

ఈ దారిలో ఒక సంవత్సరం పోవడం చిన్న నష్టం కాదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 30 సంవత్సరాలు. స్త్రీలకు, రిజర్వేషన్ వర్గాలవారికి సడలింపు ఉన్నప్పటికీ గడియారం అందరికీ నడుస్తూనే ఉంటుంది. పిహెచ్.డి.కి కనీస కాలం మూడేండ్లు, గరిష్ఠ కాలం ఆరేండ్లు. చరిత్రలో మూడేండ్లకే సిద్ధాంత గ్రంథం సమర్పించేవారు అరుదు. అనగా ఇరవై నాలుగవ ఏట రెండు మూడు పుటలలో వ్రాసి ఇచ్చిన విషయం ముప్పయ్యవ ఏడు దగ్గరపడే వరకు ఆ విద్యార్థిని వదలదు. పెండ్లి, తల్లిదండ్రుల అనారోగ్యం, చెల్లెలి చదువు, అప్పులు అన్నీ ఆ సంవత్సరాలలోనే వస్తాయి. దరఖాస్తు ఫారం మీద పెట్టే శ్రద్ధ ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

హాస్టలు గది కొరకు, గ్రంథాలయం కొరకు పరిశోధనలో చేరి, అక్కడ కూర్చొని ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులు విశ్వవిద్యాలయాలలో తక్కువ కాదు. నగరంలో అద్దె గదికి సొమ్ములేని పల్లెటూరి విద్యార్థి ఆ పని చేస్తే అతనిని నిందించడం న్యాయం కాదు. కాని అతడు ఆక్రమించిన స్థానం నిజంగా పరిశోధన చేయగోరే మరొకరికి దక్కకుండా పోతుంది. ఆ స్థానాలు ఎంత పరిమితమో తెలిస్తే ఈ మాటలోని బరువు తెలుస్తుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసరు ఏకకాలంలో ఎనిమిదిమందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మాత్రమే పర్యవేక్షకులుగా ఉండవచ్చు. పదవీ విరమణకు మూడేండ్ల లోపు వ్యవధి ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలలో ఖాళీ అయిన అధ్యాపక పదవులు ఏండ్ల తరబడి నిండకపోవడం అందరూ ఎరిగినదే. ఆచార్యులు ఇద్దరో ముగ్గురో ఉన్న శాఖలో, వారి క్రింద పాత విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు పూర్తికానప్పుడు, ఆ యేడు ఒక్క స్థానం కూడా ప్రకటింపబడకపోవచ్చు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థికి కూడా చోటు దొరకకపోవడానికి తరచుగా కారణం ఇదే గాని, అతని అయోగ్యత కాదు. మధ్యయుగ చరిత్ర పర్యవేక్షకునికి ఖాళీ ఉండి, ఆధునిక చరిత్ర పర్యవేక్షకునికి లేనప్పుడు ఆధునిక చరిత్రకు పెట్టిన ఉత్తమమైన దరఖాస్తు కూడా నిష్ఫలమవుతుంది.

కాబట్టి ఫారం నింపడానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. ఏ శాఖలో ఎవరు ఏ కాలాన్ని, ఏ ప్రాంతాన్ని గురించి పనిచేస్తున్నారో, వారు ఎప్పుడు విరమించబోతున్నారో విచారించాలి. వారు వ్రాసిన ఒక పుస్తకమో, రెండు వ్యాసాలో చదవాలి. ఆ తర్వాత వారికి మర్యాదగా ఒక చిన్న లేఖ వ్రాయవచ్చు. తాను ఎవరు, ఏ ప్రశ్న మీద పనిచేయదలచినది, వారి రచనలలో దేనిని చదివి ఈ లేఖ వ్రాస్తున్నది తెలిపితే చాలు. ఒకే లేఖను ఇరవైమందికి పంపి, పైన పేరు మాత్రం మార్చినవారి సంగతి అధ్యాపకులు మొదటి వాక్యంలోనే పసిగడతారు. జవాబు రాకపోతే కోపగించనక్కరలేదు. వచ్చినా అది ప్రవేశానికి హామీ కాదు.

అర్హతల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఎం.ఏ.లో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేండ్ల డిగ్రీ చదివినవారైతే 75 శాతం. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు, ఆర్థికంగా వెనుకబడినవారు మొదలైన వారికి 5 శాతం సడలింపు కలదు. ఎం.ఫిల్. పట్టాను 2022 నిబంధనలు రద్దు చేశాయి. విశ్వవిద్యాలయం స్వంతంగా ప్రవేశ పరీక్ష పెట్టినప్పుడు సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతి మీద, సగం సబ్జెక్టు మీద ఉండాలి. పరీక్షకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం చొప్పున విలువ కట్టాలి. 2024 జూన్ నుండి జాతీయ అర్హతా పరీక్ష, అనగా నెట్, ఫలితాలను మూడు తరగతులుగా ప్రకటిస్తున్నారు. మొదటి తరగతివారికి ఫెలోషిప్, అధ్యాపక పదవికి అర్హత, పిహెచ్.డి. ప్రవేశం మూడూ లభిస్తాయి. రెండవ తరగతివారికి ఫెలోషిప్ ఉండదు. మూడవ తరగతివారు పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హులు. రెండు, మూడు తరగతులవారి మార్కులు ఒక్క సంవత్సరం మాత్రమే చెల్లుతాయి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం 2024–25 నుండి తన స్వంత పరీక్షకు బదులు నెట్ మార్కులనే ఆధారం చేసుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా ఆర్‌సెట్ అనే పరీక్ష ఉన్నది.

పరీక్షల మీదనే ఆశలు పెట్టుకొంటే ఏమి జరుగుతుందో 2024లో విద్యార్థులకు అనుభవమైంది. జూన్ 18న జరిగిన నెట్ పరీక్షను మరునాడే రద్దు చేశారు. మళ్ళీ పరీక్ష ఆగస్టు 21న ప్రారంభమై సెప్టెంబరు 4 వరకు సాగింది. దానివెంట ప్రవేశాల గడువులన్నీ వెనక్కు జరిగాయి. ఆ మధ్యకాలంలో తమ పరిశోధన ప్రణాళికను దిద్దుకొన్నవారు కాలాన్ని వృథా చేసుకోలేదు.

విషయం వేరు, ప్రశ్న వేరు

దరఖాస్తులో అన్నిటికంటె ముఖ్యమైనది ఆ ప్రణాళికే. దానినే సినాప్సిస్ అని కూడా అంటారు. తిరస్కరింపబడే ప్రణాళికలలో అధిక భాగం ఒకే దోషంతో ఉంటాయి. వాటిలో విషయం ఉంటుంది గాని ప్రశ్న ఉండదు. ‘విజయనగర కాలంలో నీటిపారుదల – ఒక చారిత్రక అధ్యయనం’ అన్న శీర్షికను తీసుకొనండి. అందులో అభ్యంతరకరమైన మాట ఏదీ లేదు. కాని మూడు శతాబ్దాల కాలం, తుంగభద్ర నుండి తమిళదేశం దాకా విస్తరించిన నేల, వేల శాసనాలు అందులో ఇమిడి ఉన్నాయి. దానిని ఆరేండ్లలో చేయగలవాడు లేడు. ‘ఒక చారిత్రక అధ్యయనం’ అన్న తోక వలన కలిగే ప్రయోజనమూ లేదు. చరిత్ర శాఖలో చేసేది మరేమి అధ్యయనం?

ఇదే ఆసక్తిని ప్రశ్నగా ఎట్లా మార్చవచ్చునో ఒక ఉదాహరణ చూద్దాము. కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. దానిని మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు నిర్మించినట్లు 1369 నాటి సంస్కృత శాసనం చెబుతున్నది. రెండేండ్లపాటు రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనంలోనే ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు ఉండరాని ఆరు దోషాలను కూడా అది పేర్కొంటున్నది. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఆ దోషాలలో ఒకటి! ఇంత విలువైన శాసనం కనుకనే ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో అది ఏనాడో ప్రకటింపబడింది, దానిని గురించి వ్రాసినవారు పలువురున్నారు. మళ్ళీ ఆ శాసనాన్నే అనువదించి పెడితే అది పరిశోధన కాదు.

కడప ప్రాంతపు విద్యార్థి ఇక్కడ ఆగి ఆలోచించాలి. చెరువు కట్టించినవాడు రాజకుమారుడు. తరువాత నాలుగైదు వందల ఏండ్లు ఆ కట్టలను ఎవరు మరమ్మతు చేశారు? రాయలసీమలో దశబంధం ఇనాములు అనే పద్ధతి ఉండేది. చెరువును త్రవ్వించి, దానిని కాపాడే బాధ్యత వహించినవారికి ఆ చెరువు క్రింద కొంత భూమినో, ఆదాయంలో కొంత భాగాన్నో వదలిపెట్టేవారు. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి శిస్తులు నిర్ణయించాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను ఏర్పరచి ఒక్కొక్క ఇనామునూ విచారించి నమోదు చేయించింది. 1876–78లో ఘోరమైన కరవు వచ్చింది. ఈ తేదీలను వరుసగా పెట్టి చూస్తే ప్రశ్న దానంతట అదే కనబడుతుంది: ఇనాములు నమోదైన తర్వాత, కరవు వచ్చే నాటికి, కడప జిల్లాలో దశబంధం చెరువుల మరమ్మతు బాధ్యత ఎవరి మీద ఉన్నది? ఇనాందారు మీదనా, రైతుల మీదనా, ప్రభుత్వ పనుల శాఖ మీదనా? వారిలో ఎవరు ఆ పని చేశారు, ఎవరు మానారు, దాని ఫలితం ఏమైంది?

ఈ ప్రశ్నకు ఒక చోటు ఉన్నది, ఆరంభం ఉన్నది, అంతం ఉన్నది. అంతకంటె ముఖ్యంగా ఆధారాలు ఉన్నాయి. ఇనాం రిజిస్టర్లు, రెవిన్యూ బోర్డు వ్యవహారాలు, పనుల శాఖ ఫైళ్ళు ఉన్నాయి. 1875లో గ్రిబుల్ వ్రాసిన కడప జిల్లా మాన్యువల్, 1880 నాటి కరవు కమిషన్ నివేదిక అచ్చయి ఉన్నాయి. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయత్తులు ఉన్నాయి. కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించింది కూడా. ఇదే సమస్యను పొరుగు ప్రాంతాలలో పరిశీలించిన పండితులున్నారు. తమిళదేశపు చెరువుల మీద డేవిడ్ మాస్ 2003లో ప్రకటించిన గ్రంథం, కాకతీయ యుగపు శాసనాలను లెక్కలతో పరిశీలించి సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథం అటువంటివి. వారు చెప్పినదానికి కడప విషయంలో ఏమి చేర్చగలము, ఏమి కాదనగలము అన్నది ప్రణాళికలో రెండవ పుట. అధ్యాయాల విభజన చివర వస్తుంది. అది తాత్కాలికమేనని ఎంపిక సంఘంవారికి తెలుసు.

ఇదే అంశాన్ని ఇతరులు ముందే చేసి ఉంటే? ఆ సంగతి తెలుసుకోవడానికి నేడు సులభమైన సాధనం ఉన్నది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ‘శోధ్‌గంగ’లో దేశంలోని విశ్వవిద్యాలయాలు తమ సిద్ధాంత గ్రంథాలను ఉంచుతున్నాయి. ఒక సాయంకాలం దానిలో వెదికితే తన శీర్షిక ఎన్నిసార్లు ఎన్ని విశ్వవిద్యాలయాలలో పునరావృతమైనదో విద్యార్థికి విశదమవుతుంది. కొన్ని గ్రంథాలను చదివితే ఎట్లా వ్రాయరాదో కూడా బోధపడుతుంది. అయితే అక్కడి వాక్యాలను ఎత్తి తన ప్రణాళికలో పెట్టుకొనేవారికి ప్రమాదం ఉన్నది. 2018లో వచ్చిన యు.జి.సి. నిబంధనలు ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే దోషంగా పరిగణించి, దాటిన కొద్దీ శిక్షను పెంచాయి. సిద్ధాంత గ్రంథంలో 60 శాతానికి మించి పోలిక ఉన్న విద్యార్థి నమోదు రద్దవుతుంది.

లిపి రానివాడు ఏమి చదువుతాడు?

ప్రణాళికలో ఆధారాల పట్టిక చూడగానే ఎంపిక సంఘంలోని పెద్దలు వేసే మొదటి ప్రశ్న భాషను గురించినదై ఉంటుంది. ‘ఈ కాగితాలను నీవు చదవగలవా?’ అని అడుగుతారు. కైఫీయత్తుల వ్రాతప్రతులు నేటి అచ్చు తెలుగులో ఉండవు. పదాల మధ్య ఎడం లేకుండా, గొలుసుకట్టుగా, కరణాల లెక్కల సంకేతాలతో ఉంటాయి. తెలుగు మాతృభాష అయినంత మాత్రాన అవి చదవడం రాదు; రెండు మూడు నెలల అభ్యాసం కావాలి. హైదరాబాదు రాజ్యపు చరిత్రకు ఇంకొక భాష తోడవుతుంది. అక్కడ 1880ల వరకు రాజభాష పారశీకం. ఆ తర్వాత ఉర్దూ. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితాలు కూడా ఉన్నాయి. వాటి వైపు కన్నెత్తి చూసే తెలుగు విద్యార్థులు స్వల్పం. నిజాము కాలపు తెలంగాణా మీద ఆంగ్ల నివేదికలను మాత్రమే ఆధారం చేసుకొని వ్రాసిన గ్రంథాలు రెసిడెన్సీ భవనం కిటికీలో నుండి చూసిన తెలంగాణాను మాత్రమే చూపగలవు.

పారశీకం రానివారు ఆ రంగంలోకి రాకూడదని కాదు. జదునాథ్ సర్కార్ ఎం.ఏ. చదివినది ఆంగ్ల సాహిత్యం. ఔరంగజేబు చరిత్ర వ్రాయాలనే సంకల్పంతో పారశీకం నేర్చుకొన్నాడు. 1912 నుండి 1924 వరకు అయిదు సంపుటాలు వెలువరించాడు. అయితే దరఖాస్తు పెట్టేనాటికి నేర్చుకోవడం మొదలుపెట్టి ఉండటం ఒకటి, ‘చేరిన తర్వాత నేర్చుకొంటాను’ అనడం మరొకటి. మొదటిదానిని సంఘంవారు నమ్ముతారు.

తెలుగు వచ్చిన విద్యార్థి తన చేతిలోని పెట్టుబడిని తక్కువగా అంచనా వేసుకొంటాడన్నది మరొక సంగతి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో ప్రకటించిన ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ దక్షిణాదిలో, ముఖ్యంగా తెలుగులో, కరణాలు వ్రాసిన కథనాలను చరిత్ర రచనగానే చదవాలని వాదించింది. ఆ వాదం మీద ప్రపంచంలోని విద్వాంసులు చర్చించారు. తెలుగు మూలాలను స్వయంగా చదవగలవాడు ఆ చర్చలో పాల్గొనడానికి అర్హుడు. ఆంగ్లం మందకొడిగా ఉన్నదని క్రుంగిపోయే పల్లెటూరి విద్యార్థి దీనిని గుర్తుంచుకోవడం మంచిది. ఆంగ్లం దిద్దడానికి మిత్రులు దొరుకుతారు. వ్రాతప్రతి చదివిపెట్టడానికి ఎవరూ దొరకరు.

పట్టా లేనివారు చరిత్ర వ్రాయలేదా అన్న ప్రశ్న ఈ సందర్భంలో తప్పక వస్తుంది. మల్లంపల్లి సోమశేఖర శర్మకు విశ్వవిద్యాలయ పట్టాలు లేవు. కొమర్రాజు లక్ష్మణరావు సాహచర్యంలో శాసనాలు చదవడం అలవరచుకొన్న ఆయన రచించిన రెడ్డి రాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించింది. నేటికీ ఆ విషయంలో దానిని చూడకుండా ముందుకు పోవడం సాధ్యం కాదు. గణిత శాస్త్రజ్ఞుడైన డి.డి. కోశాంబి ప్రాచీన భారత చరిత్ర అధ్యయనపు దిశనే మార్చాడు. మరొక వైపు, రామ్ శరణ్ శర్మ శూద్రుల మీద, రొమిలా థాపర్ అశోకుని మీద వ్రాసిన ప్రసిద్ధ గ్రంథాలు లండన్‌లో ఎ.ఎల్. బాషం పర్యవేక్షణలో చేసిన పిహెచ్.డి. పరిశోధనల నుండి పుట్టినవే. మంచి పర్యవేక్షకుడు, మంచి గ్రంథాలయం దొరికితే ఆ పట్టా కొరకు చేసిన పని ఎంత దూరం పోగలదో ఇవి తెలుపుతున్నాయి. శర్మగారి మార్గం అందరికీ సాధ్యమయ్యేది కాదు. ఆయన అనుభవించిన పేదరికాన్ని ఎవరూ కోరుకోరు.

సొమ్ము సంగతి

జె.ఆర్.ఎఫ్. లభించినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు నిర్ణయించారు. ఇంటి అద్దె భత్యం వేరు. అది రానివారి స్థితి దీనికి పూర్తిగా భిన్నం. కేంద్ర విశ్వవిద్యాలయాలలో నెట్ లేని విద్యార్థులకు ఇచ్చే సహాయం నెలకు 8,000 రూపాయలుగా చాలా ఏండ్లు సాగింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అదీ ఉండకపోవచ్చు. 1972లో స్థాపింపబడిన భారత చారిత్రక పరిశోధన మండలి కూడా ఫెలోషిప్‌లు ఇస్తుంది. కాని వాటికి పిహెచ్.డి.లో నమోదు అయిన తర్వాతనే దరఖాస్తు చేయాలి. ఏ ఫెలోషిప్ అయినా ప్రతి నెల ఒకటవ తేదీన అందుతుందనుకోవడం పొరపాటు. నాలుగైదు నెలల సొమ్ము ఒక్కసారిగా రావడం, అంతవరకు మెస్సు బాకీ పేరుకోవడం పరిశోధక విద్యార్థులందరికీ పరిచితమే. ఇంటికి సొమ్ము పంపవలసిన బాధ్యత ఉన్నవారు ఈ సంగతిని ముందుగానే ఇంట్లో చెప్పి ఉంచాలి.

మరొక విషయం తరచు అపార్థానికి గురి అవుతున్నది. అధ్యాపక ఉద్యోగానికి పిహెచ్.డి. తప్పనిసరి అని విని హడావిడిగా చేరేవారున్నారు. విశ్వవిద్యాలయాలలో అసిస్టెంట్ ప్రొఫెసరు నియామకానికి ఆ పట్టాను తప్పనిసరి చేయాలని 2018లో నిర్ణయించిన మాట నిజమే. దాని అమలును వాయిదా వేసి, చివరకు 2023 జూలై 1 నుండి నెట్, సెట్ వంటి పరీక్షల ఉత్తీర్ణతనే కనీస అర్హతగా ఉంచారు. అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి మాత్రం పిహెచ్.డి. కావాలి. ఉద్యోగంలో ఉన్నవారు యజమాని అనుమతి పత్రంతో పార్ట్‌టైమ్‌గా చేరవచ్చు. తపాలా ద్వారాగాని, ఆన్‌లైన్‌లోగాని పూర్తి పిహెచ్.డి. చేయిస్తామనే ప్రకటనలను నమ్మరాదు; నిబంధనలు దానిని అనుమతించవు. స్త్రీలకు గరిష్ఠ కాలపరిమితిలో రెండేండ్ల సడలింపు, ప్రసూతి లేదా శిశు సంరక్షణ కొరకు 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. ఈ హక్కు ఉన్నదని తెలియక చదువు మానుకొన్న స్త్రీలు ఉండటం విచారకరం.

విదేశాలకు పోదలచినవారి దారి వేరుగా ఉంటుంది. అమెరికాలో ఎం.ఏ. లేకపోయినా నేరుగా చేరవచ్చు. కాని మొదటి రెండేండ్లు తరగతులు, ఆ తర్వాత విస్తృతమైన పరీక్షలు ఉంటాయి. మొత్తం మీద ఆరేడేండ్లు పడుతుంది. సాధారణంగా డిసెంబరులో దరఖాస్తులు ముగుస్తాయి. ఏప్రిల్ 15 నాటికి విద్యార్థి తన నిర్ణయం చెప్పాలి. ఉద్దేశ పత్రం, ఇరవై పుటల పైబడిన రచనా నమూనా, మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. చేర్చుకొన్నవారికి చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి జీవనభృతి ఇస్తాయి. అందువల్లనే ప్రవేశం కఠినం. 2025లో అనేక విశ్వవిద్యాలయాలు నిధుల కొరత వలన స్థానాలను ఇంకా తగ్గించాయి. బ్రిటన్‌లో తరగతులు తక్కువ, కాలం మూడు నాలుగేండ్లే. కాని ప్రవేశం వేరు, సొమ్ము వేరు. ప్రవేశం దొరికి ద్రవ్యసహాయం దొరకని భారతీయ విద్యార్థులు పలువురు. అప్పు చేసి చరిత్రలో పిహెచ్.డి.కి పోవడం ఏ విధంగానూ క్షేమం కాదు. ఇక్కడే నమోదు అయి, ఫుల్‌బ్రైట్–నెహ్రూ వేతనం మీద ఆరు నుండి తొమ్మిది నెలలు అమెరికాలో చదివి రావడం మరొక ఉపాయం.

సిఫారసు లేఖల విషయంలో మన విద్యార్థులు చేసే పొరపాటు ఒకటున్నది. పెద్ద పదవిలో ఉన్నవారి లేఖ పెద్ద పని చేస్తుందని భావిస్తారు. వైస్ ఛాన్సలరు సంతకంతో ‘ఈ విద్యార్థి సత్ప్రవర్తన గలవాడు’ అన్న రెండు వాక్యాల కంటె, ఎం.ఏ.లో ఆ విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని చదివి, దిద్ది, దానిలోని గుణదోషాలను చెప్పగల సామాన్య అధ్యాపకుని లేఖకు విలువ ఎక్కువ. దాని కొరకు కనీసం నెల రోజుల ముందు అడగాలి. ప్రణాళిక ప్రతిని కూడా వారికి ఇవ్వాలి.

ఇక మౌఖిక పరీక్ష. అది సాధారణంగా పది పదిహేను నిమిషాలకు మించదు. తాజ్‌మహల్ ఎవరు కట్టించారని అక్కడ అడగరు. ‘నీ ప్రశ్నకు జవాబు నీవు ఊహించినదానికి విరుద్ధంగా వస్తే ఏమి చేస్తావు?’ అని అడగవచ్చు. ‘ఇనాం రిజిస్టరును ఎవరు, ఎందుకు వ్రాయించారు? అందులో రైతు మాట ఉంటుందా?’ అని అడగవచ్చు. ఈ రెండవ ప్రశ్నకు సిద్ధమైన జవాబు లేదు. ఆ రిజిస్టరును ఒక్కసారైనా తెరచి చూసినవారు తడబడుతూనైనా ఏదో ఒక నిజమైన మాట చెప్పగలుగుతారు. చూడనివారు పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని వల్లిస్తారు. బల్లకు ఆవలి వైపున కూర్చున్నవారికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. తెలియని విషయాన్ని తెలియదని చెప్పినందుకు మార్కులు పోవు.

కాబట్టి దరఖాస్తుకు ముందు ఒక్క వారమైనా పురాలేఖ భాండాగారంలో గడపడం అన్ని విధాలా లాభకరం. కోస్తా, రాయలసీమ జిల్లాల పాత కాగితాలు అధిక భాగం చెన్నైలోని ఎగ్మూరులో, 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా నిర్మింపబడిన భవనంలో ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ పురాలేఖ భాండాగారం తన ఫైళ్ళలో చాలావాటిని ‘అభిలేఖ్ పటల్’ ద్వారా ఇంటివద్దనే చూసే వీలు కల్పించింది. ఎగ్మూరు వంటి చోట్ల చదువుకొనడానికి విద్యాసంస్థ నుండి పరిచయ లేఖ అడుగుతారు. ఎం.ఏ. చివరి సెమిస్టరులో ఉండగానే శాఖాధిపతి వద్ద ఆ లేఖ తీసుకొంటే సులభంగా లభిస్తుంది. పట్టా చేతికి వచ్చి కళాశాలతో సంబంధం తెగిపోయిన తర్వాత అదే లేఖ కొరకు చాలాసార్లు తిరగవలసి వస్తుంది.